ఐజాకు వాట్సు చరిత్రము

దైవారాధనమునకై పలువురు కూడినచోట పాట యెవరిది? నేర్పరియైన గాయకుడొకడు పాడుచుండగా తక్కినవారందఱును చెవులొగ్గి కూర్చుండుట ఆరాధనమా? లేక పండితుడును పామరుడును, యజమానుడును సేవకుడును, స్త్రీలును పిల్లలును తమ తమ నోళ్లతో, తమకర్థమైన మాటలతో, ఏకకంఠముగా పాడుట ఆరాధనమా? ఈ ప్రశ్న ఏ మతమువారికిని తప్పునది కాదు. మూడువందల సంవత్సరములకు పూర్వము ఇంగ్లండు దేశమున ఈ ప్రశ్నకు తన జీవితమునే ఉత్తరముగా నొసగినవాడు ఐజాకు వాట్సు. ఆయన చరిత్రము ఆయన మరణముతో ముగియలేదు. అది సముద్రమును దాటి, అమెరికా దక్షిణ రాష్ట్రములలోని పొలములందును బానిసల పాకలయందును మఱియొకసారి ఆరంభమయ్యెను. ఈ రెండు భాగములను కలిపి చదివినగాని దాని సారము బోధపడదు.

వాట్సు 1674వ సంవత్సరము జూలై 17వ తేదీన సౌతాంప్టను పట్టణమున జన్మించెను. తండ్రి పేరును ఐజాకే. ఆ కాలమున ఇంగ్లండులో రాజు పోషించు సంఘమొక్కటియే శాసనసమ్మతమైనది. 1662 నాటి శాసనమును అనుసరించి ఆ సంఘమువారి ప్రార్థనా గ్రంథమును అంగీకరింపని బోధకులు పదవీభ్రష్టులైరి. వారి యొద్దకు చేరి వేఱుగా ప్రార్థించుకొనువారు శిక్షార్హులైరి. వాట్సు తండ్రి అట్టి భిన్నాభిప్రాయుల సంఘములో పెద్ద. తన మనస్సాక్షికి విరోధముగా నడువనొల్లక ఆయన పలుమాఱు చెఱసాలకు పోయెను. తల్లి సారా, చంటిబిడ్డయైన ఐజాకును ఒడిలో నిడుకొని, చెఱసాల వాకిటనున్న రాతిమీద కూర్చుండి పాలిచ్చుచుండెనని చెప్పుదురు. తనకు తోచిన విధమున దైవమును కొలుచుటకు ఎంత వెల చెల్లింపవలసి వచ్చునో ఆ బాలుడు ఉగ్గుపాలతోనే నేర్చుకొనెను.

బాలుని బుద్ధి మిక్కిలి చురుకైనది. నాలుగవయేట లాటిను, తొమ్మిదవయేట గ్రీకు, పదవయేట ఫ్రెంచి, పదమూడవయేట హీబ్రూ భాషలను అభ్యసింప మొదలిడెను. మాటలకు ప్రాసలు కూర్చుట ఆయనకు పుట్టువిద్య. పదునాఱేండ్లు నిండునప్పటికి, ఊరిలోని ఒక వైద్యుడు ఆయన ప్రతిభను చూచి, విశ్వవిద్యాలయమున చదివించుటకు కావలసిన ధనమును తానిచ్చెదనని ముందుకు వచ్చెను. కాని ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యాలయములలో పట్టము పొందుట రాజసంఘమునకు లోబడినవారికే సాధ్యము. ఆ లోబడుట తన తండ్రి చెఱసాలలో గడపిన దినములను వమ్ముచేయుట యగును. వాట్సు ఆ సాయమును వినయముతో నిరాకరించి, 1690లో లండను సమీపమున స్టోక్ న్యూయింగ్టనులో థామస్ రో అను విద్వాంసుడు భిన్నాభిప్రాయుల కొఱకు నడుపుచుండిన పాఠశాలలో చేరెను.

నాలుగేండ్లకు చదువు ముగించి స్వగృహమునకు మరలి వచ్చిన పిమ్మట, ఆదివారపు ఆరాధనములో పాట వినినప్పుడెల్ల ఆయనకు బాధ కలుగుచుండెను. అప్పటి ఆచారమెట్టిదో చెప్పవలసియున్నది. జినీవా పట్టణపు సంస్కర్తయగు కాల్విను మతానుయాయులు, ఆరాధనమందు మానవకల్పితమైన పాట తగదనియు, దేవుని గ్రంథములోని దావీదు కీర్తనలనే ఛందోబద్ధముగా మార్చి పాడవలెననియు నమ్మిరి. స్టెర్న్‌హోల్డు, హాప్కిన్సు అనువారి పేర 1562లో వెలువడిన అట్టి అనువాదము ఇంగ్లండంతటను వ్యాపించియుండెను. మూలమును విడువరాదను పట్టుదలచేత అందలి పదములు ముందువెనుకలై, అన్వయము కుదురక, అర్థము చెడియుండెను. అదియునుగాక, చదువురానివారును పుస్తకములు లేనివారును పెక్కుమంది యగుటచే, మందిరములోని పాఠకుడొకడు ఒక్కొక్క పంక్తిని ముందుగా చదువుటయు, పిదప సంఘమువారు దానిని మెల్లగా ఈడ్చి పాడుటయు వాడుక. మన పల్లెలలో భజనగురువొక చరణమును అందీయగా దళమువారు అందుకొనునట్లే అది నడచుచుండెను గాని, అందు భజనకుండు ఉత్సాహము మాత్రము లేదు. జనులు నోరు కదపుచుండిరి; మనసు కదలుట లేదు.

యువకుడైన వాట్సు ఈ లోపమును తండ్రితో మొఱపెట్టుకొనెను. వేలయేండ్లనాటి యూదుల రాజు తన శత్రువులను శపించిన శాపములను, తన యుద్ధములను, తన బలులను, సౌతాంప్టనులోని నేతగాడును కుమ్మరియు తమవిగా ఎట్లు పలుకగలరని ఆయన వాదించెను. అంతకంటె మేలైనది నీవే వ్రాసి చూపుమని తండ్రి పందెము వేసినట్లు ప్రసిద్ధి. ఆ వారమే వాట్సు ఒక గీతమును వ్రాసి తెచ్చెను. సంఘమువారు దానిని పాడి, మఱియొకటి కావలెననిరి. ఇట్లు వారము వెంట వారము, రెండేండ్లకు పైగా గీతములు పుట్టుచు వచ్చెను. ఆయన కీర్తి కంతకును మూలమైన రచనలలో చాలభాగము ఇరువది, ఇరువదిరెండేండ్ల ప్రాయమున, తన యూరివారు పాడుటకై వ్రాసినవే.

ఆ గీతముల కట్టుబాటును గ్రహించినగాని వాటి శక్తి తెలియదు. వాట్సు మూడు నాలుగు సామాన్యమైన ఛందస్సులనే ఎక్కువగా వాడెను. వాటిలో మిక్కిలి వాడుకైనది, మొదటి పంక్తికి ఎనిమిది, రెండవ పంక్తికి ఆఱు, మరల ఎనిమిది, మరల ఆఱు అక్షరధ్వనులు గల నాలుగు పంక్తుల చరణము. ఈ కొలతకు సరిపడు వరుస యొక్కటి తెలిసినవాడు ఆ కొలతగల గీతముల నన్నిటిని పాడగలడు. ఒక గీతమునే పది వరుసలలోను పాడవచ్చును. కాబట్టి సంగీతవిద్య లేని పల్లెవారికిని ఆ గీతములు అందుబాటయ్యెను. ఉపమానములను నిత్యజీవితమునుండి తీసికొనెను. సామాన్యులకు తెలియని మాటలను, కావ్యాలంకారములను బుద్ధిపూర్వకముగా విడిచెను. పండితులు మెచ్చు కవితను వ్రాయుటకు శక్తి లేక కాదు. 1706 నాటి తన కావ్యసంపుటములో ఆ శక్తిని చూపియే యుండెను. సంఘము పాడవలసిన చోట కవి తన్నుతాను తగ్గించుకొనవలెనని ఆయన నిశ్చయము. అంతేకాదు, పంక్తి పంక్తికిని చదివి పాడు ఆచారము శోచనీయమని తలచియు, అది వెంటనే పోవునది కాదని యెఱిగి, ప్రతిపంక్తి చివరను భావము నిలుచునట్లు, నడుమ తెగకుండునట్లు చరణములను కూర్చెను. చదువురానివాని కొఱకు కవి చేసిన ఈ త్యాగము ఎంత ఫలించినదో ముందు చూడగలము.

1696లో ఆయన సర్ జాన్ హార్టాపు అను శ్రీమంతుని యింట ఉపాధ్యాయుడయ్యెను. 1702లో లండనులో మార్క్ లేను సంఘమునకు బోధకుడుగా నియమింపబడెను. 1707లో తన గీతములను గ్రంథముగా ప్రకటించెను. 1719లో దావీదు కీర్తనలను క్రొత్త నిబంధన భావములతో, ఇంగ్లండు ప్రజల భాషలో తిరుగవ్రాసి వెలువరించెను. 150 కీర్తనలలో 138ని మాత్రమే గ్రహించి, తన దేశకాలములకు పొసగనివని తోచిన 12ని విడిచెను. దైవవాక్యమును దిద్దుటకు ఈ మానవుడెవడని పలువురు కోపించిరి. తనవలె భిన్నాభిప్రాయుడైన థామస్ బ్రాడ్‌బరీ అను బోధకుడే ఆయన గీతములను బహిరంగముగా పరిహసించెను. క్రొత్తపాట పాడవలెనా, ప్రాతపాటయే పాడవలెనా యని ఇంగ్లండులోను అమెరికాలోను సంఘములు చీలెను. పెద్దలు అలవాటును ధర్మమని భ్రమించుట ఏ దేశమునకును క్రొత్తకాదు. కాని జనుల నోట ఒకసారి నిలిచిన పాటను ఏ సభయు తుడిచివేయజాలదు.

ఆయన శరీరము మాత్రము బలహీనము; పొట్టివాడు, నిత్యరోగి. 1712లో తీవ్రమైన జ్వరము వచ్చి నాలుగేండ్లు బోధింపలేక పోయెను. అప్పుడు సర్ థామస్ అబ్నీ అను గృహస్థుడు, ఒకప్పటి లండను నగరాధ్యక్షుడు, గాలిమార్పునకై ఒక వారము తమ యింట నుండుమని పిలిచెను. ఆ వారము ముప్పదియాఱు సంవత్సరములయ్యెను! అబ్నీ 1722లో గతించిన పిదపను ఆయన భార్య లేడీ మేరీయు కుమార్తెలును వాట్సును ఇంటి పెద్దగా చూచుకొనిరి. వాట్సు పెండ్లి చేసికొనలేదు. తన రాబడిలో మూడవవంతు బీదలకిచ్చుచుండెనని ఆయన చరిత్రకారులు వ్రాసిరి. ఆ యింటనే 1715లో పిల్లల కొఱకు గీతములను, 1724లో తర్కశాస్త్ర గ్రంథమును ప్రకటించెను. తనకు తలుపు మూసిన ఆక్స్‌ఫర్డులోనే ఆ తర్కగ్రంథము పాఠ్యపుస్తకమయ్యెను! 1728లో ఎడింబరో, అబర్డీను విశ్వవిద్యాలయములు ఆయనకు ఆచార్యపట్టము నొసగెను. 1748 నవంబరు 25వ తేదీన ఆయన దేహము చాలించెను. భిన్నాభిప్రాయులను పాతిపెట్టు బన్‌హిల్ ఫీల్డ్స్ శ్మశానమున ఆయన సమాధి యున్నది. రాజులు నిద్రించు వెస్టుమినిస్టరు దేవాలయమున పిదప ఆయన స్మారకశిల్పమును నిలిపిరి.

ఆయనలో లోపములు లేవని చెప్పుట భక్తి కాదు. పిల్లల గీతములలో నరకభయమును కొంత ఎక్కువగానే చూపెను. దావీదు కీర్తనలలో ఇశ్రాయేలు అనుచోట పలుతావుల బ్రిటనును నిలిపెను. దైవము ఒక్క దేశమునకు చుట్టమగునా? దీని ఫలమును కాలమే చూపెను: అమెరికావారు స్వతంత్రులైన పిమ్మట, బ్రిటను రాజును పొగడు పంక్తులను పాడనొల్లక, 1785లో జోయల్ బార్లోచేతను, 1801లో టిమోతీ డ్వైటుచేతను వాటిని మార్పించుకొనిరి. దావీదు పాటను తన ప్రజలకు తగినట్లు వాట్సు మార్చగా, వాట్సు పాటను అమెరికావారు తమకు తగినట్లు మార్చుకొనిరి. ఆయన నేర్పిన పాఠమునే వారు ఆయనపై ప్రయోగించిరి. ఇందు అన్యాయమేమియు లేదు.

ఇక సముద్రమునకు ఆవలి కథ. జాన్ వెస్లీ జార్జియా వలసలో నున్నప్పుడు 1737లో దక్షిణ కరొలైనాలోని చార్లెస్‌టౌనులో ముద్రింపించిన తన మొదటి పాటల పుస్తకములో దాదాపు సగము వాట్సువే. అంతకంటె ముఖ్యమైనది వర్జీనియాలో జరిగినది. అచట హానోవరు మండలమున శామ్యూల్ డేవిస్ అను బోధకుడుండెను. ఆఫ్రికానుండి బలవంతముగా తేబడి పొగాకు తోటలలో చాకిరి చేయు బానిసలు ఆయన మందిరమునకు వందలకొలది వచ్చుచుండిరి. వాట్సు పాటల పుస్తకములకై వారు పడు ఆరాటమును చూచి, డేవిస్ 1755 ప్రాంతమున లండనులోని మిత్రులకు జాబులు వ్రాసి పుస్తకములను తెప్పించి పంచిపెట్టెను. దినమంతయు ఎండలో పనిచేసినవారు ఆయన వంటయింట చేరి రాత్రి రెండు మూడు గంటలవేళ పాడుచుండగా తాను మేలుకొని వినినట్లు ఆయన వ్రాసియున్నాడు. ఐనను ఆ బానిసత్వమే పాపమని డేవిస్ చాటలేదు. ఆదివారము యజమానులు క్రింది బల్లలమీదను బానిసలు మేడమెట్లమీదను కూర్చుండి ఒకే గీతమును పాడుచుండిరి. ఒకే నోటిమాట ఒకరికి అలవాటు, మఱియొకరికి ప్రాణాధారము!

1831లో వర్జీనియా ప్రభుత్వము నల్లవారికి చదువు నేర్పుటకై సభలు కూడరాదని శాసించెను. ఇతర దక్షిణ రాష్ట్రములును అట్టి శాసనములనే చేసెను. పుస్తకము చేతినుండి లాగికొనవచ్చును. పాటను నోటినుండి లాగికొనుటెట్లు? ఇచట వాట్సు శోచనీయమన్న ఆచారమే వారికి శరణ్యమయ్యెను. పెద్దయొకడు ఒక పంక్తిని వడిగా పఠించును. తక్కినవారు దానిని మిక్కిలి విలంబముగా, ఒక్కొక్క అక్షరమును సాగదీసి, ఎవరి గమకములను వారు చేర్చుకొనుచు, సముద్రఘోషవలె పాడుదురు. ప్రతిపంక్తి చివర భావము నిలుచునట్లు కవి వ్రాసియుండుటచే, చదువు నిషేధింపబడినవానికిని అర్థము తప్పిపోలేదు. 1865లో బానిసత్వము తొలగిన పిదప స్థాపితమైన నల్లవారి స్వతంత్ర సంఘములలోను ఈ పద్ధతి నిలిచెను. దానికి వారు పెట్టిన పేరు డాక్టర్ వాట్సు. ఇతరులు వ్రాసిన గీతమైనను అట్లు పాడినచో అదియు డాక్టర్ వాట్సే. కెంటకీ కొండలలోని తెల్లవారి ప్రాత బాప్టిస్టు సంఘములలోను పంక్తి అందిచ్చి పాడు ఆచారము నేటికిని జీవించియున్నది.

దక్షిణదేశపు తెల్లరైతుల నడుమ వాట్సు మఱియొక వేషము ధరించెను. 1801లో కెంటకీలోని కేన్ రిడ్జి యొద్దను, ఆ తరువాత ఇతర స్థలములందును, వేలకొలది జనులు అడవులలో గుడారములు వేసికొని దినములతరబడి ప్రార్థించిరి. అంత సమూహమునకు పుస్తకములెక్కడివి? కాబట్టి వాట్సు చరణములకు సులభమైన పల్లవులను చేర్చిరి. చరణము తెలియనివాడు పల్లవినైనను అందుకొనెడివాడు. తరువాతి కాలమున, 1867లో రాబర్ట్ లౌరీయు, 1885లో రాల్ఫ్ హడ్సనును వాట్సు గీతములకు చేర్చిన పల్లవులు ఆ దేశమున నేటికిని పిల్లలకు సైతము కంఠస్థములు. చరణమునకు పల్లవి చేరుట మనకు వింతగా తోచదు. కాని దక్షిణదేశపు సువార్తగీతమునకు రూపమేర్పడినది ఇట్లే.

సంగీతమును ప్రజలపరము చేయుటకు ఆ రైతులు ఒక లిపిని కూడ వాడిరి. 1801 ప్రాంతమున వెలువడిన ఒక పాఠపుస్తకములో ఫా అను స్వరమునకు త్రికోణము, సోల్‌కు గుండ్రన, లాకు చతురస్రము, మీకు వజ్రాకారము గుఱుతులుగా నేర్పఱుపబడెను. ఆకృతిని చూచినంతనే స్వరము తెలియును. ఈ లిపితోనే 1844లో జార్జియావారైన బి. ఎఫ్. వైటు, ఇ. జె. కింగు సేక్రెడ్ హార్ప్ అను గ్రంథమును ప్రకటించిరి. అందు మఱి యే కవి గీతములకంటెను వాట్సు గీతములే ఎక్కువ. పాడువారు నలుదిక్కుల నాలుగు స్థాయిలవారుగా చతురస్రాకారమున కూర్చుందురు. నడుమ నిలిచి తాళము వేయువాడు మాఱుచుండును, పిల్లలును ఆ స్థానమున నిలువవచ్చును. మనవారు గీతమును నేర్చునప్పుడు మొదట స్వరములను, పిదప సాహిత్యమును పాడునట్లు వారును మొదట స్వరములనే పాడుదురు. అచట వినువారికి ప్రత్యేకమైన బల్లలు లేవు. వచ్చినవారెల్లరు పాడువారే.

ఈ పాటబడులనుండియే ఇరువదవ శతాబ్దపు దక్షిణ సువార్త సంగీతము పుట్టినది. టెనెస్సీలోని లారెన్స్‌బర్గులో జేమ్స్ డి. వాన్ అను ప్రచురణకర్త, ఏడాకృతుల లిపిలో ముద్రించిన తన పాటల పుస్తకములను అమ్ముటకై 1910లో నలుగురు గాయకుల బృందమును జీతమిచ్చి ఊరూరికి పంపెను. జనులకు పాట నేర్పుటకు పోయిన ఆ నలుగురిని చూచి మఱికొన్ని బృందములు బయలుదేరెను; రేడియోయు గ్రామఫోనును తోడయ్యెను; క్రమముగా నలుగురు పాడుటయు, వేలమంది వినుటయు అలవాటయ్యెను. వారి గానము మధురమైనదే. దానివలన కన్నీరు తుడుచుకొన్న గృహములు అనేకములు. ఐనను వినుట పాడుటకు బదులుగా నిలిచినచో, వాట్సు సౌతాంప్టనులో చూచి దుఃఖించిన మౌనమే వేఱొక ద్వారమున మందిరములోనికి వచ్చును. అప్పుడు చెడ్డపాట సంఘమును మూగచేసెను. ఇప్పుడు మంచిపాటయే మూగచేయవచ్చును.

చదువరులారా, ఈ చరిత్రమునుండి గ్రహింపదగినది ఒక్కటే. వాట్సు తన గీతములను శాసనములుగా వ్రాయలేదు. తన సంఘమువారి నోటికి సాధనములుగా వ్రాసెను. అందుచేతనే వాటిని వాడుకొన్నవారు ఆయన ఊహింపని వరుసలలో, ఆయన తలపని పల్లవులతో, ఆయన వలదన్న రీతినే పాడుకొని తమ దుఃఖమును దైవమునకు విన్నవించుకొనగలిగిరి. చదువుకొనుటకే హక్కులేని బానిస అర్ధరాత్రమున పాడిన పాటను ఆయన వినలేదు. వినియుండినచో తన రచనకు అంతకంటె గొప్ప వ్యాఖ్యానము లేదని ఒప్పుకొనియుండును. ఏ మందిరమునందైనను ఆరాధనకాలమున మనము పరీక్షించుకొనవలసినది పాట ఎంత ఇంపుగానున్నదని కాదు. వెనుకవరుసలో కూర్చున్న ముసలమ్మయు, వాకిట నిలిచిన కూలివాడును దానిని అర్థము చేసికొని, తమదిగా భావించి, గొంతు కలుపుచున్నారా యని. వారు మౌనముగా నున్నంతకాలము మన పాట యింకను పూర్తికాలేదు.